ఈగ చావాలి... మనం కాదు!

మామిడిపండు కోసి పళ్లెంలో పెట్టామో లేదో, ఎక్కణ్నుంచి వస్తాయో ఈగలు బిలబిలమంటూ వాలిపోతాయి. తోలితే అరక్షణంలో మళ్లీ అక్కడే! అది చూసి ఇంట్లోని కుర్ర ఇంజినీరుకు పౌరుషం వస్తుంది. 'రెండు తీగలు, ఒక ప్లగ్గు... ఈగల్ని చంపే యంత్రం నేనే చేస్తా' అంటూ స్క్రూడ్రైవర్ అందుకుంటాడు. అక్కడే ఆపాలి!

ఈ ఆలోచన పాతదే. 1911లో అమెరికాలోని డెన్వర్‌కు చెందిన ఇద్దరు ఇలాంటి బోను తయారుచేశారు. పక్కపక్కనే తీగలు బిగించి, లోపల ఎరగా మాంసం ఉంచి, 450 వోల్టుల కరెంటు పెట్టారు. ఆ ఏడాది అక్టోబరులో 'పాపులర్ మెకానిక్స్' పత్రిక దాని గురించి రాసింది. కాకపోతే మామూలు వాడకానికి మరీ ఖరీదైపోయింది. ఇప్పుడు మనం టప్పుమనిపించే బ్యాట్‌కు తైవాన్‌కు చెందిన త్సావో-యీ షీ 1996లో అమెరికా పేటెంటు పొందారు.

ఈ బ్యాట్‌లో 500 నుంచి 3000 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గులో ఉండేది 230 వోల్టులే. అయినా బ్యాట్ తగిలితే చురుక్కుమంటుంది, ప్లగ్గు తీగ తగిలితే ప్రాణమే పోవచ్చు. ఎందుకలా? మిద్దె మీంచి గ్లాసెడు నీళ్లు పడితే తడుస్తాం, అంతే. నడుములోతు వాగులో దిగితే కొట్టుకుపోతాం. బ్యాటరీ కరెంటు వోల్టేజిని చిన్న ట్రాన్స్‌ఫార్మరు, డయోడ్లు పెంచితే, కెపాసిటర్ కొద్దిగా దాచుకుంటుంది. ఈగ తగలగానే అదంతా ఒక్క మెరుపుతో ఖాళీ! ఇంటి కరెంటు అలా ఖాళీ అవదు. ఫ్యూజు కాపాడుతుందనుకోవద్దు. అది ఉన్నది వైర్లు కాలిపోకుండా, మనిషిని కాపాడటానికి కాదు. అడవిపందుల కోసం చేను చుట్టూ పెట్టిన కరెంటు తీగకు మనుషులే బలైన వార్తలు ఎన్ని చదవలేదు!

పాత బ్యాట్‌ను విప్పే పిల్లలకూ ఓ మాట. స్విచ్ ఆపినా కెపాసిటర్‌లో కరెంటు మిగిలే ఉండొచ్చు. అన్నట్టు, వంటగట్టు మీద, గ్యాస్ పొయ్యి దగ్గర బ్యాట్ ఊపకండి. చచ్చిన ఈగ తునకలు తిండిలో పడతాయి. గ్యాస్ లీకైతే నిప్పురవ్వ చాలు.

మరి సొంతంగా ఏమీ చేయకూడదా? చేయొచ్చు. ఖాళీ ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, మూత తీసేసి, తలకిందులుగా గరాటులా సీసాలోకే దించండి. అడుగున బెల్లం నీళ్లు, బాగా మగ్గిన పండుముక్క, రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేసి పెరట్లో పెట్టండి. వాసనకు లోపలికి దిగిన ఈగకు బయటికి దారి దొరకదు. సబ్బు వల్ల నీటి మీద నిలవలేక మునిగిపోతుంది.

చెత్తబుట్టకు మూత మాత్రం మరవద్దు. ఒక్క ఆడ ఈగ తన జీవితంలో 500 దాకా గుడ్లు పెట్టగలదు. ఎండాకాలంలో అవి వారం, పది రోజుల్లోనే ఈగలైపోతాయి.

ఇంతకీ కుర్ర ఇంజినీరు ఏడీ? స్క్రూడ్రైవర్ తీసుకుని కత్తెర ఇవ్వండి!