మౌస్ తీసేసి చూడండి!

'కెమెరావైపు చూసి ఒకసారి రెప్పలు ఆర్పండి'... ఆన్‌లైన్లో బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు అడిగే మాట ఇది. మనకైతే క్షణంలో పని. యాసిడ్ దాడి బాధితురాలు ప్రజ్ఞా ప్రసూన్‌కి మాత్రం 2023లో సరిగ్గా అక్కడే దారి మూసుకుపోయింది. ఆమె రెప్ప వాల్చలేరు. రెప్ప ఆడితేనే ఎదుట ఉన్నది బతికున్న మనిషని ఆ కంప్యూటర్ లెక్క! గొడవయ్యాక బ్యాంకు మినహాయింపు ఇచ్చింది. అందరికీ మినహాయింపులు దొరకవుగా. అందుకే ఆమె సుప్రీంకోర్టుకెళ్లారు. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో భాగమేనంటూ 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పు చెప్పింది, 20 ఆదేశాలిచ్చింది. బ్యాంకుల్లాంటి సంస్థలు కొత్త యాప్‌నో వెబ్‌సైట్‌నో రూపొందించేటప్పుడే చూపులేనివారినీ పరీక్షల్లో కూర్చోబెట్టాలన్నది వాటిలో ఒకటి.

వెబ్ డిజైన్ నేర్చుకునే కుర్రాళ్లకు అసలు పాఠం ఇదే.

బొమ్మ కాదు, నమూనా!

సైటు కట్టేముందు దాని నమూనా... అదే ప్రొటోటైప్ తయారుచేస్తారు. చాలామంది దాన్ని రంగురంగుల బొమ్మగా గీసి మురిసిపోతారు. బొమ్మలో బటన్ బటన్‌లాగే ఉంటుంది. నొక్కేది కీబోర్డుతోనైతే ఏమవుతుందో బొమ్మ చెప్పదు. అదే నమూనాని నిజమైన హెచ్‌టీఎంఎల్‌తో కడితే గుట్టు బయటపడుతుంది. 'బటన్' ట్యాగ్‌తో రాస్తే ట్యాబ్ కీ దానిదగ్గర ఆగుతుంది, ఎంటర్ కొడితే పనిచేస్తుంది, స్క్రీన్‌రీడర్ 'బటన్' అని పలుకుతుంది. మామూలు గడికి రంగు పూసి బటన్ అనిపిస్తే ఈ మూడూ ఉండవు. మాట చెబితే చాలు పేజీ కట్టిపెట్టే ఏఐ పరికరాలూ ఇప్పుడు వచ్చేశాయి. వాటి పనినీ ట్యాబ్ నొక్కి చూశాకే నమ్మాలి.

బ్రిటన్ ప్రభుత్వ డిజైనర్లు ఇందుకోసమే 'గవ్.యూకే ప్రొటోటైప్ కిట్' తయారుచేసుకున్నారు. ఉచితం. నిజమైన ఫారాల్లా పేజీ తర్వాత పేజీ కదులుతుంది. పుట్టినతేదీకి వాళ్లు క్యాలెండర్ పెట్టరు. రోజు, నెల, సంవత్సరం... మూడు మామూలు గడులు, అంతే. 1950లో పుట్టిన పెద్దాయన క్యాలెండర్‌ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పాలో ఊహించుకోండి!

ఇంటిదగ్గర సాధన చేయాలంటే ఓ చిన్న దరఖాస్తు చాలు. ముందు రంగుల్లేకుండా రాయాలి. గడి పేరు గడిలోపల కాదు, బయట ఉండాలి. లోపలైతే టైపు చేయగానే మాయమవుతుంది. తప్పుని ఎర్రరంగుతోనే చూపించి ఊరుకోకూడదు, ఏం తప్పో మాటల్లో రాయాలి. రంగులు ఆ తర్వాతే. మామూలు అక్షరాలకీ వెనకున్న రంగుకీ తేడా కనీసం 4.5:1 ఉండాలన్నది డబ్ల్యూసీఏజీ ప్రమాణం. లేత బూడిదరంగు అక్షరాల ఫ్యాషన్ ఇక్కడే తేలిపోతుంది. 2025లో వెబ్ఎయిమ్ సంస్థ పది లక్షల హోమ్‌పేజీలు పరిశీలిస్తే 94.8 శాతంలో లోపాలు దొరికాయి. అన్నింటికన్నా ఎక్కువ కనిపించింది ఈ రంగుల లోపమే.

చెవితో చూడాలి

ఇప్పుడు మౌస్ తీసి పక్కన పెట్టండి. తెర ఆపేసి, ఎన్‌వీడీఏ నడపండి. చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియన్లు... మైఖేల్ కరన్, జేమ్స్ టే మొదలుపెట్టిన ఉచిత స్క్రీన్‌రీడర్ ఇది. తెలుగు పేజీ అయితే భాష 'టీఈ' అని కోడ్‌లో రాయడం మరవొద్దు. లేకపోతే మన అక్షరాలను ఏ భాష గొంతుతో చదవాలో దానికి తెలీదు. యాక్స్, లైట్‌హౌస్ లాంటి తనిఖీ పరికరాలు కొన్ని తప్పులే పట్టగలవు. ఫొటోకి వివరణ ఉందా అని చూస్తాయి. అందులో 'ఫొటో1' అని రాసున్నా సరేనంటాయి!

చివరగా, చూపులేనివారినీ చేతులు వణికే పెద్దవాళ్లనూ పిలిచి నమూనా ముందు కూర్చోబెట్టాలి. వాళ్లు తడబడితే సాయం చేయబోవద్దు. ఎక్కడ ఆగిపోయారో రాసుకోవాలి. ముగ్గురు ఒకేచోట ఆగితే ఆ పేజీని ఆ సాయంత్రమే తిరగరాయొచ్చు. నమూనాయే కదా, పోయేది రెండు గంటల పనే.