దిగులు మీద దరువు

1971 మార్చిలో బ్రిటన్ టీవీలో ‘టాప్ ఆఫ్ ద పాప్స్’ చూస్తున్నవాళ్లకి ఒక వింత కనబడింది. టి. రెక్స్ బ్యాండ్ గాయకుడు మార్క్ బోలన్ శాటిన్ బట్టలు వేసుకుని, కళ్ల కింద తళుకుల పొడి అద్దుకుని ‘హాట్ లవ్’ పాడుతున్నాడు. ఆ పాట ఆరు వారాలు బ్రిటన్ చార్టుల్లో మొదటి స్థానంలో ఉంది. గ్లామ్ రాక్ అనే ఈ తళుకుబెళుకుల రాక్ సంగీతం అక్కణ్ణుంచే మొదలైందని చాలామంది లెక్క. తర్వాతి మూడేళ్లు ఆ దేశానికి గడ్డు రోజులు. గని కార్మికుల సమ్మెలు, కరెంటు కోతలు. 1974 జనవరి నుంచి మార్చి దాకా చాలా ఫ్యాక్టరీలకి వారానికి మూడు రోజులే కరెంటు. ఎత్తు మడమల బూట్లూ, హోరెత్తించే పాటలూ ఆ చీకట్లోనే వెలిగాయి.

మనసు బాగోని రోజుల కోసం నేను ఆ గ్లామ్ రాక్ బ్యాండ్ల పాటలతో ఒక ప్లేలిస్ట్ పెట్టుకున్నాను. పాట మెదడులో ఏం చేస్తుందో చదివాక దాని వరస మొత్తం మార్చేశాను.

మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో వలోరీ సలింపూర్, రాబర్ట్ జటోర్ బృందం చేసిన ప్రయోగం 2011లో వెలువడింది. పాల్గొన్నవాళ్లు తమకి ఒళ్లు పులకరించే సంగీతాన్ని తామే ఎంచుకున్నారు. అది వింటుండగా వాళ్ల మెదళ్లని స్కాన్ చేశారు. పులకరింత కలిగిన క్షణంలో న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే భాగంలో, ఆనందంతో ముడిపడిన డోపమైన్ అనే రసాయనం విడుదలైంది. అసలు విశేషం వేరే ఉంది. ఆ క్షణానికి కొన్ని సెకన్ల ముందే, కాడేట్ అనే మరో భాగంలో డోపమైన్ ఊరడం మొదలైంది. ‘ఇదిగో, ఇప్పుడొస్తుంది’ అని ఎదురుచూడటంలోనే సగం ఆనందం ఉందన్నమాట. తెలిసిన పాటకి ఉన్న బలం ఇదే. గ్లామ్ రాక్ కొత్తగా వింటున్నవాళ్లకి మొదటిసారే ఏమీ అనిపించకపోతే నిరాశపడనక్కర్లేదు. నాలుగైదు సార్లు వినండి. ఏ మలుపు ఎక్కడొస్తుందో మెదడుకి పట్టుబడాలి.

డేవిడ్ బోవీ ‘స్టార్‌మ్యాన్’ (1972) తీసుకోండి. పల్లవిలో ‘స్టార్‌మ్యాన్’ అనే మాట దగ్గరే గొంతు ఒక్క గెంతులో పై స్థాయికి వెళుతుంది. మన సంగీతం నేర్చుకున్నవాళ్లయితే కింది షడ్జం పాడి, మధ్యలో ఏ స్వరాన్నీ తాకకుండా పై షడ్జం అందుకుని చూడండి. ఛాతీ దానంతటదే విచ్చుకుంటుంది. చరణం నడుస్తున్నంతసేపూ నేను ఆ గెంతు కోసమే కాచుకుని ఉంటాను.

ఇక దరువు సంగతి. స్పష్టమైన తాళం వినబడితే చాలు, మనం కదలకుండా కూర్చున్నా మెదడులో కదలికల్ని నడిపే భాగాలు చురుకవుతాయి. కాలు ఆడటం మొదలయ్యేది అందుకే. గ్లామ్ రాక్ ఈ కిటుకుని బాగా పట్టుకుంది. స్లేడ్ బ్యాండ్ పాటల్లో బూటుకాళ్ల చప్పుడు, చప్పట్లు, గుంపు కేకలు కలిసి వినిపిస్తాయి. వింటున్నది మనమొక్కళ్లమే అయినా నిండు హాల్లో నిలబడ్డట్టుంటుంది.

అలాగని దిగులుగా ఉన్నప్పుడు ముందే స్లేడ్ పెడితే చిరాకేస్తుంది. ఈ పొరపాటు నేను చాలాసార్లు చేశాను. సంగీత చికిత్సలో పాత సూత్రం ఒకటుంది: మనసు ఉన్న చోటునుంచే మొదలుపెట్టి, మెట్టుమెట్టుగా పైకి తేవాలి. నా జాబితా ఇప్పుడు టి. రెక్స్ ‘కాస్మిక్ డాన్సర్’తో మొదలవుతుంది. అది వయొలిన్ల నీడలో మెల్లగా నడిచే పాట. తర్వాత మాట్ ద హూపుల్ బ్యాండ్ కోసం బోవీ రాసిచ్చిన ‘ఆల్ ద యంగ్ డ్యూడ్స్’. ఆపైన ‘స్టార్‌మ్యాన్’, టి. రెక్స్‌దే ‘గెట్ ఇట్ ఆన్’, సుజీ క్వాట్రో ‘క్యాన్ ద క్యాన్’.

అయిదు పాటలయ్యేసరికి స్వీట్ బ్యాండ్ ‘బాల్‌రూమ్ బ్లిట్జ్’కి ఒళ్లు సిద్ధంగా ఉంటుంది. 1973 జనవరిలో స్కాట్లండ్‌లోని కిల్మార్నాక్‌లో జనం సీసాలు విసిరి ఈ బ్యాండ్‌ని వేదిక మీంచి తరిమేశారు. ఆ అవమానంలోంచే ఈ పాట పుట్టింది. డ్రమ్ము దడదడలాడుతుండగా గాయకుడు తోటివాళ్లని ఒక్కొక్కరినే పేరుపెట్టి ‘రెడీయేనా’ అని పిలుస్తాడు. దెబ్బలు తిన్నవాళ్లు పంచిపెట్టిన ఉత్సాహం కాబట్టే నాకది ఇంత ఇష్టం. చివర స్లేడ్ ‘కమ్ ఆన్ ఫీల్ ద నాయిజ్’. 1973లో విడుదలైన వారమే మొదటి స్థానానికి చేరిన పాట అది.

వారాల తరబడి వదలని దిగులైతే మాత్రం డాక్టరుని కలవాలి, ప్లేలిస్ట్ ఆ పని చెయ్యలేదు. ఇయర్‌ఫోన్లలో హోరు పెంచకండి. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంకొక్క మాట, చివరి రెండు పాటలూ పడుకుని వినకండి. లేచి నిలబడి, చెప్పులు విడిచి, పాదం నేలకి తగిలేలా తాళం వెయ్యండి.