ఒక దివాను ఇంటి సేకరణ

హైదరాబాదులో మూసీ నది దక్షిణపు ఒడ్డున, దారుల్‌షిఫాలో ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం తవ్వకాల్లో దొరికిన వస్తువులతోనో, ప్రభుత్వం పథకం ప్రకారం కొన్న కళాఖండాలతోనో ఏర్పడినది కాదు. నిజాం సంస్థానానికి దివానులను, అనగా ప్రధానమంత్రులను, ఇచ్చిన ఒక కుటుంబం కూడబెట్టిన సంపదే దానికి మూలం. వారిలో మూడవ సాలార్‌జంగ్‌గా ప్రసిద్ధుడైన మీర్ యూసుఫ్ అలీఖాన్ 1912లో దివాను అయి, కొద్దికాలానికే ఆ పదవి వదిలి, శేషజీవితమంతా కళాఖండాల సేకరణలోనే గడిపాడు. అవివాహితుడైన ఆయన 1949లో మరణించగా, ఆయన నివసించిన దివాన్ దేవిడీలోనే 1951 డిసెంబరు 16న నెహ్రూ ఈ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో అది ఇప్పటి భవనానికి మారింది.

అర్ధచంద్రాకారంలో ఉన్న ప్రధాన భవనంలో భారతీయ కళను, తరువాత కట్టిన రెండు భవనాల్లో ఒకదానిలో ఐరోపా కళను, రెండవదానిలో చైనా, జపాన్ వంటి తూర్పు దేశాల కళను ఉంచారు.

ఐరోపా విభాగంలో అందరూ చూసేది ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ‘ముసుగులోని రెబెకా’. మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీలో కొన్న ఈ పాలరాతి విగ్రహంలో ముసుగు, దాని వెనుక ముఖం రెండూ రాయే అయినా, పలుచని బట్ట చాటున ముఖకవళికలు తెలుస్తున్నట్లే ఉంటుంది. అంతకంటె గడుసైన పనితనం ఒక కొయ్యబొమ్మది: గేథే రచించిన ‘ఫౌస్ట్’ నాటకంలోని దుష్టశక్తి మెఫిస్టోఫిలిస్ గర్వంగా ఎదుట నిలబడగా, అదే దుంగకు వెనుకవైపున తలవంచుకున్న అమాయకురాలు మార్గరెట్ ఉంటుంది, వెనుక నిలిపిన అద్దంలో ఆమె కనిపిస్తుంది కనుక చూపరికి ఇద్దరూ ఒకేసారి దర్శనమిస్తారు.

కుక్ అండ్ కెల్వీ సంస్థ పేరున్న గడియారం ఎదుట గంటగంటకూ జనం గుమికూడతారు. లోపలి నుంచి గడ్డం ఉన్న చిన్న బొమ్మ వచ్చి, సమయాన్ని బట్టి గంటలు కొట్టి, తిరిగి లోపలికి వెళ్లిపోతుంది. ఆ సందడిలో అరబిక్, పారశీక, ఉర్దూ రాతప్రతుల వైపు వెళ్లేవారు తక్కువ కావడం విచారకరమే, ఎందుకంటే పండితుల దృష్టిలో ఈ సంస్థ అసలు విలువ చాలావరకు ఆ ప్రతులలోనే ఉంది.

టికెట్టు కొని ఎవరైనా చూడవచ్చు. శుక్రవారం సెలవు, గడియారం పన్నెండు గంటలూ కొట్టడం చూడదలచినవారు మధ్యాహ్నానికి ముందే లోపలికి చేరుకోవాలి.