కౌలు పొలానికి ఏ మ్యాప్ యాప్?

అమెరికాలో వేటకు వెళ్ళేవాళ్ళ కోసం ఆన్‌ఎక్స్ హంట్ అనే యాప్ ఉంది. అడవిలో నిలబడి ఫోన్ తీస్తే కాళ్ళ కింద నేల ఎవరిదో, ప్రభుత్వ భూమి ఎక్కడిదాకా ఉందో, ప్రైవేటు హద్దు ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపిస్తుంది. మన దగ్గర వన్యప్రాణి సంరక్షణ చట్టం పుణ్యమా అని వేట నేరం. కానీ మే నెలలో చిలకలూరిపేట, మార్టూరు, పర్చూరు వైపు వస్తే ఇంకో రకం వేట కనిపిస్తుంది: కౌలు పొలాల వేట. పత్తికి ఏ చేను పట్టాలి, మిరపకు ఏది పట్టాలి అని బండ్ల మీద డొంకల వెంట తిరుగుతుంటారు. అందులో మా నాన్నా, బాబాయీ కూడా ఉంటారు కాబట్టి, "మంచి యాప్ ఏదన్నా పెట్టరా" అనే ఆర్డరు ఏటా వేసవి సెలవుల్లో నాకే పడుతుంది.

ఒక్క యాప్ పేరు చెప్పి చేతులు దులుపుకోవడం కుదరదు. అమెరికా యాప్ అక్కడ పనిచేసేది దాని గొప్పతనం వల్ల కాదు, వెనక ఉన్న రికార్డు వల్ల. అక్కడి కౌంటీల దగ్గర ఉన్న డిజిటల్ హద్దుల మ్యాపులను తెచ్చి ఫోన్ మీద పరుస్తుంది, అంతే. మన రికార్డు వేరు. దాని పేరు ఎఫ్‌ఎంబీ, ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్. పాత రోజుల్లో గొలుసు పట్టి కొలిచి, సర్వే నంబరుకొక పటం చొప్పున గీసిన పుస్తకం. గంటర్ గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, అంటే లక్ష చదరపు లింకులు. అందులో నూరో వంతు, వెయ్యి చదరపు లింకులు, మన సెంటు. (సెంటు అంటే 435.6 చదరపు అడుగులు అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం కదా, ఆ వింత లెక్క పుట్టింది ఇక్కడే.)

ఎఫ్‌ఎంబీలో రాయి నుంచి రాయికి పొడవులుంటాయి. అక్షాంశాలు, రేఖాంశాలు ఉండవు. కాబట్టి ఏదన్నా యాప్ ఉపగ్రహ ఫొటో మీద పాత సర్వే నంబర్ల గీతలు చూపిస్తోందంటే, ఆ పటాన్ని ఎవరో లాగి, తిప్పి, సర్ది పరిచారన్నమాట. గట్టు ఒకచోట, గీత ఇంకోచోట కనిపించడానికి కారణం అదే. 2020 డిసెంబరు 21న మొదలైన రీసర్వేలో డ్రోన్లు, రోవర్లు వాడి కో-ఆర్డినేట్లతో సహా కొలిచారు. అది పూర్తయిన ఊళ్ళలో పాత సర్వే నంబరుకు బదులు ఎల్‌పీఎం నంబరు ఉంటుంది. అందుకే యాప్ కంటే ముందు అడగాల్సింది, ఆ ఊళ్ళో రీసర్వే అయిందా లేదా అని. తర్వాత మీభూమి సైట్‌లో అడంగల్, 1బి చూసుకోవాలి. జిల్లా పేరు దగ్గర మాత్రం జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4 తర్వాత చిలకలూరిపేట పల్నాడులోకీ, పర్చూరు, మార్టూరు బాపట్లలోకీ వెళ్ళాయి. నోటికి మాత్రం మనకింకా గుంటూరు, ప్రకాశమే వస్తాయి!

నంబరు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ-క్రాప్ నమోదు జరిగేది దాని మీదే. కౌలు రైతుకు 2019 చట్టం కింద పంట సాగుదారు హక్కుల పత్రం వస్తుంది, 11 నెలలకు. దానికి యజమాని సంతకం కావాలి. ఆ సంతకం పెట్టించడమే ఒక యుద్ధం. అంత చేసి, చూపించిన చేను ఒకటీ కాగితంలో నంబరు ఇంకొకటీ అయితే, తుపాను నష్టం రాసే రోజున మన మిరప మన పేరున ఉండదు. అందుకని ఎఫ్‌ఎంబీ ప్రింటు పట్టుకుని, రాళ్ళు చూసుకుంటూ, పక్క చేల నంబర్లు అడుగుతూ ఒకసారి గట్ల మీద నడవాల్సిందే. ఈ పని ఏ యాప్ మీదా వదలకూడదని నా అభిప్రాయం.

ఇక కొలతల సంగతి. కౌలు ఎకరం లెక్కన కడతాం. ఐదెకరాలు అన్న చేను నిజంగా ఐదేనా? చుట్టూ నడిస్తే విస్తీర్ణం చెప్పే యాప్‌లు బోలెడున్నాయి. ఎంత నమ్మొచ్చో లెక్క వేసి చూద్దాం. ఆరుబయట ఫోన్ జీపీఎస్‌లో మూడు నుంచి ఐదు మీటర్ల తేడా మామూలే. ఎకరం చతురస్రంగా ఉంటే ఒక్కో భుజం 63.6 మీటర్లు. నాలుగు మూలల్లో, రెండు దిశల్లోనూ దేనికది మూడేసి మీటర్ల ప్రామాణిక విచలనం ఉందనుకుంటే, విస్తీర్ణంలో విచలనం భుజం × 3 × √2, దాదాపు 270 చదరపు మీటర్లు. ఆరేడు సెంట్లన్నమాట. ఐదెకరాల చతురస్రానికైతే సుమారు 15 సెంట్లు, అంటే మూడు శాతం. చేను పెరిగేకొద్దీ శాతం తగ్గుతుంది.

నిజానికి పరిస్థితి ఇంతకన్నా మెరుగే. జీపీఎస్ తేడాలో పెద్ద భాగం నిమిషాల మీద మారదు. పది నిమిషాల్లో చుట్టి వస్తే మూలలన్నీ దాదాపు ఒకే వైపుకు జరుగుతాయి. ఆకారం మొత్తం పక్కకు జరిగినా విస్తీర్ణం మారదు. కాబట్టి మధ్యలో టీకి ఆగకుండా ఒకే విడతలో నడవండి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. గట్లు స్పష్టంగా కనిపిస్తుంటే గూగుల్ ఎర్త్‌లో ఉపగ్రహ ఫొటో మీద మూలలు నొక్కి కొలవడం ఇంకా మేలు. కౌలు బేరానికి ఈ కొలత చాలు. గట్టు తగాదాకు చాలదు, దానికి సర్వేయరు రావాలి.

నన్నడిగితే కౌలుదారుకు హద్దుకన్నా ముఖ్యమైంది నేల గుణం. నల్లరేగడి నీళ్ళు పట్టుకుంటే వదలదు. మిరప వేరు నిలవ నీటిని ఓర్చుకోదు. మేలో చూస్తే చేలన్నీ ఒకేలా నెర్రెలు విచ్చి ఉంటాయి. ఏది మెరకో ఏది పల్లమో చూపించేది వానాకాలపు ఫొటోలు. ఇందుకు కోపర్నికస్ బ్రౌజర్ అనే ఉచిత సైట్ వాడండి. యాప్ అక్కర్లేదు, ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. యూరప్ వాళ్ళ సెంటినెల్-2 ఉపగ్రహాల ఫొటోలు ఐదు రోజులకొకటి చొప్పున ఏళ్ళ తరబడి అందులో ఉన్నాయి. పిక్సెల్ పది మీటర్లు, ఎకరానికి నలభై పిక్సెళ్ళు. ఆకు లెక్కపెట్టలేం కానీ చేను ఎర్రబడిందా పచ్చగా ఉందా తెలుస్తుంది.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మీరు చూస్తున్న చేను మీద ఆ తేదీకి ముందూ, తర్వాతా మబ్బులేని ఫొటోలు పక్కపక్కన పెట్టండి. పక్క చేలు తేరుకున్నా ఇది తేరుకోలేదంటే, మురుగు ఎటు పోతుందో యజమానిని గట్టిగా అడగాలి. మబ్బులుంటే సెంటినెల్-1 రాడార్ ఉంది, దానికి మబ్బు అడ్డం కాదు. అందులో నిలవ నీరు నల్లగా కనిపిస్తుంది. అయితే గుబురు పైరు కింద నిలిచిన నీటిని అదీ పట్టలేకపోవచ్చు.

కాలవ విషయం కూడా ఇలాగే. మ్యాప్‌లో నీలం గీత ఉందంటే కాలవ తవ్వారని అర్థం, నీళ్ళొస్తాయని కాదు. సాగర్ కుడి కాలవ చివరి భూముల వాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. వరసగా మూడు నాలుగేళ్ళ ఫిబ్రవరి ఫొటోలు చూడండి. ఆ చుట్టుపక్కల పచ్చదనం ఏ ఏడు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో కనిపిస్తుంది. కౌలు రేటు మాట్లాడేటప్పుడు ఆ ఫొటోలు దగ్గర పెట్టుకోండి. స్క్రీన్‌షాట్లు మాత్రం ఇంటి దగ్గరే తీసుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్‌కు డౌన్‌లోడ్ అయ్యేది రోడ్ల పటమే, ఉపగ్రహ ఫొటో కాదు. డొంకలో సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు.