ఇసుకలో నడిచే పనిముట్ల పెట్టె

సిమెంటు గచ్చున్న షెడ్డులో మెకానిక్కుల పెట్టెలు చూసే ఉంటారు పిల్లలూ. అడుగున నాలుగు బుల్లి చక్రాలుంటాయి, ఎటు తోస్తే అటు తిరుగుతాయి. పలాసలో జీడిపప్పు మెషిన్లు బాగుచేయడానికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. అదే పెట్టెను వజ్రపుకొత్తూరు వైపో కవిటి వైపో కొబ్బరి తోటల్లోకి లాగితే నాలుగడుగులకే కూరుకుపోతుంది.

అక్కడి నేల ఇసుక. సన్నటి చక్రం బరువంతా వేలెడు చోటు మీద మోపుతుంది. ఇసుక దిగబడి చక్రం ముందు గట్టులా పోగవుతుంది. ఇక అడుగడుగునా ఆ గట్టు ఎక్కించాల్సిందే. 2 అంగుళాల చక్రానికి అంగుళం ఎత్తు గడప అడ్డొచ్చిందనుకోండి. ఇరుసు దగ్గర పట్టుకుని నేలకు సమానంగా ఎంత లాగినా అది ఎక్కనే ఎక్కదు! లాగే బలం సరిగ్గా గడప అంచుకే తగులుతుంది, చక్రాన్ని పైకి తిప్పే పట్టు దొరకదు. చక్రం 12 అంగుళాలదైతే, దాని మీద పడే బరువులో మూడింట రెండొంతుల బలంతో అదే గడప దాటేస్తుంది.

అందుకని నన్నడిగితే మన ఇసుక దారులకు రెండే చక్రాలు, పెద్దవి, గాలి టైర్లవి. గాలి టైరు నేలను నొక్కే ఒత్తిడి దాదాపు లోపలున్న గాలి ఒత్తిడంతే ఉంటుంది. కాస్త గాలి తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలికగా పోతుంది.

పెట్టె పొడవు 3 అడుగులు. ఇరుసు ఒక చివర, లాగే పిడి రెండో చివర నుంచి ఇంకో అడుగు బయటికి. సామానుతో కలిపి 60 కిలోలనుకుందాం. బరువు నడిమధ్యన ఉంటే చేతి మీద 22.5 కిలోలు పడతాయి. వైసు, సమ్మెట, పెద్ద పానాలు చక్రాల వైపు జరిపి, బరువు కేంద్రం ఇరుసుకు అడుగు దూరంలో ఉండేలా సర్దితే 15 కిలోలే. మరీ అత్యాశకు పోయి ఇరుసు దాటించకండి, పిడి గాల్లోకి లేస్తుంది. బరువైనవి అడుగున, ఉలులూ స్క్రూడ్రైవర్లూ పై అరలో పెడితే పెట్టె పక్కకు ఒరగదు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. పలాస, వజ్రపుకొత్తూరు, కవిటి ఉన్న మన ఉద్దానం ప్రాంతంలో జీడి, కొబ్బరి చెట్లు కుప్పకూలాయి. దారికడ్డంగా చెట్లు పడ్డాక వ్యాను లోపలికి రాదు. రంపం, గొడ్డలి, పానాలు మనిషి వెంటే నడవాలి. ఇక్కడి వడ్రంగికీ కరెంటు పనివాడికీ ఇలాంటి పెట్టె ఉండి తీరాలని నేను గట్టిగా చెబుతాను.

చట్రానికి పనస చెక్క బాగుంటుంది. ఉద్దానంలో దానికి కరువా? గట్టిది, చెద తొందరగా పట్టదు. మూత మాత్రం బిగుతుగా ఉండాలి. సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుము మీద వాలి తేమను పీల్చి పట్టి ఉంచుతుంది, ఆ ఉప్పునీటి పొరలో తుప్పు పరుగెడుతుంది. పని కాగానే నూనె గుడ్డతో ఒకసారి తుడిచి లోపల పెట్టండి.

ఇరుసుకు మాత్రం గ్రీజు పైపైన పూయకండి. ఇసుక అంటుకుని ఆకురాయిలా అరగదీస్తుంది. మూత బిగించిన బేరింగులు కొని వేయించండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే.