తుడిచివేయు హక్కు

పలకపై వ్రాసినది తడిగుడ్డతో పోవును. కాగితముపై వ్రాసినది చింపివేసిన పోవును. శిలపై చెక్కినది తరతరములు నిలుచును. ఈ మూడింటి భేదమును మన పెద్దలు చక్కగ నెరిగినవారు. కావుననే బాలుని చేతికి మొదట పలక నిచ్చిరి. తప్పు వ్రాయుట, తుడుచుట, మరల వ్రాయుట, ఇదియే కదా విద్య! నేటి బాలబాలికల చేతికి వచ్చిన సెల్‌ఫోను చూపునకు పలకవలెనే యున్నది గాని, దానిపై వ్రాసినది శాసనమువలె నిలిచిపోవుచున్నది. చిన్నతనమున తాము అంతర్జాలమున ప్రకటించిన వ్రాతను, ఫోటోను తుడిచివేయుటకు మనవారికి హక్కు గలదా? గలదేని అది యెంతవరకు? ఈ విషయమును మా చేతనైనంత విశదముగ తెలుప ప్రయత్నించెదము.

మన నగరములోనే ఒక ఉదాహరణము నూహింతము. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున, 1939లో ప్రారంభింపబడిన ఆర్ట్సు కాలేజి భవనము చూడ ముచ్చటైనది. దాని మెట్లపై నిలిచి ఫోటో దిగనివారు అరుదు. తార్నాకలో నివసించు పదునైదేండ్ల బాలుడొకడు మిత్రులతో అచటికి పోయి, వేళాకోళముగ ఒక తోటివానిని హేళనచేయుచు నాలుగు మాటలు వ్రాసి, ఆ ఫోటోతో ఇన్‌స్టాగ్రామునందు ప్రకటించెననుకొనుడు. మూడేండ్ల పిమ్మట వానికి బుద్ధి వికసించి, ఆ మాటలు తనవని చెప్పుకొనుటకే సిగ్గు కలిగినది. అప్పుడు వాడు చేయగలిగిన దేమి?

దీనిని గ్రహించుటకు మూడు వలయములను మనస్సున నుంచుకొనవలెను. మొదటిది ఆ బాలుని ఖాతా. తాను ప్రకటించిన దానిని తాను తొలగించుకొను వీలు ప్రధాన కంపెనీలన్నియు నిచ్చుచున్నవి. రెండవది కంపెనీవారి భాండారము. తార్నాకనుండి పంపిన ఫోటో ఎచటనో గల కంప్యూటర్లలో ఒకటికంటె నెక్కువ ప్రతులుగ భద్రపరుపబడును; చెడిపోయిననాడు పనికివచ్చుటకై వేరుగ నకళ్లును ఉండును. మనము తుడిచినంతనే అది పరుల కంటికి కనబడకపోవును గాని, భాండారమునుండి పోవుటకు కాలము పట్టును. ఖాతానంతయు తొలగింపగోరినచో ఫేస్‌బుక్కువారు మనస్సు మార్చుకొనుటకు 30 దినములు గడువిచ్చి, పిమ్మట సమస్తమును తుడుచుటకు 90 దినముల వరకు పట్టునని చెప్పుచున్నారు. మూడవ వలయము ఇతరుల చేతులు. ఎవరైన ఆ ఫోటోను స్క్రీన్‌షాటు తీసికొన్నను, వాట్సాపు గుంపులో పంచుకొన్నను, అది మన చేయి దాటిపోయినదే. కాలు జారిన తీసికొనవచ్చును గాని నోరు జారిన తీసికొనరాదను సామెత ఇచట అక్షరాల నిజమగుచున్నది.

ఇది చిన్న విషయమని త్రోసివేయరాదు. ఉన్నత విద్యకై అమెరికాకు పోవలెనని హైదరాబాదులోని కాన్సులేటునకు దరఖాస్తు చేసికొను తెలుగు విద్యార్థులు వేలకొలది గలరు. గడచిన ఐదేండ్లలో తాము వాడిన సామాజిక మాధ్యమములలోని ఖాతాల పేర్లను తెలుపవలెనని వీసా దరఖాస్తులో 2019 నుండి అడుగుచున్నారు. 2025 జూనులో ఆ ప్రభుత్వము మరియొక అడుగు ముందుకు వేసి, విద్యార్థి వీసా కోరువారు తమ ఖాతాలను ఎల్లరకు కనబడునట్లు తెరచి యుంచవలెనని ప్రకటించెను. ఇరువది రెండేండ్ల యువకుడు ఖాతా తెరచి చూపినచో, అందు పదునాలుగేండ్లనాడు వ్రాసిన మాటయు కనబడును. ఉద్యోగమిచ్చు యజమానులును, పెండ్లి సంబంధము చూచువారును అటులనే వెదకవచ్చును. బాలుడు చేసిన పనికి పెద్దవాడు సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చుచున్నది. అసలు చిక్కు ఇదియే.

ఈ చిక్కును లోకమున కొన్ని ప్రభుత్వములు గుర్తించినవి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 2013లో ఒక చట్టము చేసి 2015 జనవరి 1వ తేదీనుండి అమలు జరిపినది. పదునెనిమిదేండ్లు నిండనివారు తాము స్వయముగ ప్రకటించిన దానిని తొలగించుకొనుటకు వీలు కల్పింపవలెనని అది కంపెనీలను శాసించినది. కాని ఇతరులు మరల ప్రకటించిన దానికి ఆ చట్టము వర్తింపదు. భాండారమున మిగిలినను పరులకు కనబడకుండ చేసిన చాలునని కూడ అందు గలదు. యూరపుఖండమున 2018 మే 25వ తేదీనుండి అమలులోనికి వచ్చిన డేటా చట్టము ఇంకను ఉదారమైనది. అపాయము తెలియని బాల్యమున సమ్మతి ఇచ్చినవారు, పెద్దవారైన పిమ్మటను తుడిచివేయుమని కోరవచ్చునని దాని ఆశయము.

ఇక మన దేశము సంగతి. 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీముకోర్టున తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము, వ్యక్తి ఏకాంతము ప్రాథమిక హక్కని పుట్టస్వామిగారి వ్యాజ్యమున తీర్పు చెప్పెను. ఆ ధర్మాసనములోని సంజయ్ కిషన్ కౌల్ గారు తమ ప్రత్యేక తీర్పున, బాల్యచాపల్యముచే చేసిన పొరపాట్ల ఫలమును పిల్లలు జీవితాంతము అనుభవింపరాదని అభిప్రాయమిచ్చిరి. ఆ పిమ్మట 2023 ఆగస్టు 11వ తేదీన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమునకు రాష్ట్రపతి ఆమోదము లభించినది. పదునెనిమిదేండ్లలోపు వారందరు బాలలే యని అది నిర్ణయించినది. వారి వివరములు గ్రహించుటకు తలిదండ్రుల సమ్మతి కావలెననియు, వారి నడవడిని వెంటాడి ప్రకటనలు చూపరాదనియు విధించినది. పన్నెండవ సెక్షనులో, సమ్మతితో ఇచ్చిన వివరములను తుడిచివేయుమని కోరు హక్కు గలదు. 2025 నవంబరున నియమములు వెలువడినవి. వానిలో ముఖ్యమైనవి పదునెనిమిది నెలల పిమ్మట, అనగా 2027 మే మాసమున అమలునకు వచ్చునట్లు గడువు పెట్టబడినది.

అయితే ఇచట నొక మెలిక గలదు. చదువరులు దీనిని శ్రద్ధతో గమనింపవలెను. ఎవరైనను తమ వివరములను తామే బహిరంగపరచినచో, ఆ వివరములకు ఈ చట్టము వర్తింపదని మూడవ సెక్షను చెప్పుచున్నది. అంతర్జాలమున తన అభిప్రాయములు వ్రాయుచు తన వివరములను తానే ఎల్లరకు తెలిపిన వ్యక్తిని చట్టమే ఉదాహరణముగ చూపినది. అనగా మన తార్నాక బాలుడు తన ఫోటోను ఎల్లరు చూచునట్లు ప్రకటించి యుండెనేని, వానికి అత్యవసరమైన చోటనే ఈ హక్కు చేయి విడుచుచున్నది. ఏ కంపెనీ కిచ్చిన పుట్టిన తేదీనో తుడువుమని అడుగవచ్చును గాని, తెలియక అందరి ఎదుట పలికిన మాటను తుడువుమని ఈ చట్టము పేర అడుగుట కష్టము. పెద్దల విషయమున ఈ మినహాయింపు తగునేమో గాని, బహిరంగమనగా నేమో తెలియని పిల్లల విషయమున తగదని మా అభిప్రాయము. బాలుని సమ్మతి చెల్లదని తలిదండ్రుల సమ్మతి కోరిన చట్టము, అదే బాలుడు తన్ను తాను బహిరంగపరచుకొనుటను మాత్రము సంపూర్ణముగ చెల్లునని యెంచుట ఏ న్యాయము?

తుడిచివేయు హక్కునకు హద్దు లేకపోవలెనని మేము చెప్పుట లేదు. ఒకడు తన మాటను తుడుచుకొనవచ్చును గాని, తన్ను గూర్చి ఇతరులు వ్రాసిన సత్యమును తుడిపించుట వేరు సంగతి. 2009లో ప్రత్యేక రాష్ట్రోద్యమ కాలమున ఉస్మానియా ఆవరణమున జరిగినవి చరిత్రలో భాగములు. అట్టివాని పటములు, వ్రాతలు నిలువవలసినవే. మరియు తుడిచివేత అసత్యమునకు సాధనము కారాదు. వీసా దరఖాస్తులో అడిగిన ఖాతాను, తుడిచితిని గదా యని దాచుట మరింత కీడు. హేళనకు గురియైన తోటివానికి క్షమాపణ చెప్పుకొనుటకు బదులుగ హేళనను తుడిచి ఊరకుండుటయు సరికాదు. తుడుపు మొదటి మెట్టు మాత్రమే.

చట్టము చక్కబడువరకు మన చేతిలో నున్న దానిని మనము చేసికొనవలెను. ఖాతాను తాత్కాలికముగ మూసియుంచుట వేరు, శాశ్వతముగ తొలగించుట వేరు. మొదటిదానిలో ఏదియు పోదు. ఏడాదికొక పర్యాయము, పరీక్షలు ముగిసిన సెలవులలో, పాత ప్రకటనలను చూచుకొని అక్కరలేనివానిని తొలగించుట మేలు. ఇతరుల ఫోటోను వారి నడుగక ప్రకటింపరాదు. తీసివేయుమని వారు కోరిన తక్షణమే తీసివేయవలెను. ఎవడేని మన పటముతో బెదిరించినచో లోలోపల కుమిలిపోక తలిదండ్రులకో ఉపాధ్యాయులకో చెప్పవలెను. పిల్లల సహాయమునకు 1098 అను టెలిఫోను సంఖ్య గలదు. కేంద్రప్రభుత్వమువారి సైబరు నేరముల పోర్టలునందు ఫిర్యాదు చేయవచ్చును.

తార్ అనగా తీగ, నాకా అనగా కాపలాచోటు. తీగకంచె యొద్ద కావలి యుండుటచే తార్నాకకు ఆ పేరు కలిగెనని చెప్పుదురు. మన వ్రేలికిని అంతర్జాలమునకును నడుమ అట్టి నాకా యొకటి యుండుట శ్రేయస్కరము. కాని కావలి యెంత చక్కగ నున్నను పిల్లలు ఒకప్పుడు తప్పిపోకమానరు. తప్పిన బిడ్డకు మరల వ్రాసికొనుటకు పలక నిచ్చుట పెద్దల ధర్మము. ఆ ధర్మమును చట్టమున చేర్చుట ప్రభుత్వమువారి విధి.