రెండో గేరు మొరాయిస్తే...

మా మారుతి 800ను 2008లో కొన్నాం. ఈమధ్య రెండో గేరు వేయబోతే కరకరమంటోంది. “ఏమండీ, నడిరోడ్డు మీద నిలిపేయకముందే అమ్మేయండి” అంటుంది మా ఆవిడ. అబ్బాయికేమో కొత్త కారు మీద మోజు.

అమ్మడమా, వుంచుకోవడమా అన్నది తేల్చేముందు జబ్బెక్కడో తెలియాలి గదా! అన్ని గేర్లూ మొరాయిస్తే అనుమానం క్లచ్చి మీద. ఒక్కోసారి దాని కేబులు సరిచేస్తే చాలు. ఒక్క గేరే గోల చేస్తే, పళ్లు కలిసేముందు వేగాలను సమం చేసే రింగు అరిగిందనుకోవాలి. దానికి గేరుబాక్సు దింపి విప్పక తప్పదు. మాది ఈ రెండో జబ్బేనని మెకానిక్కు తేల్చాడు.

ఈ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా మన సికిందరాబాదు రాణీగంజి దుకాణాల్లో రింగు దొరికింది. 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషనును మరో 5 ఏళ్లకు పొడిగించుకున్నాం కనుక 2028 దాకా ఆ చింత లేదు. ఇంజను, బ్రేకులు నిక్షేపంగా వున్నాయి. కూలితో కలిపినా మరమ్మతు ఖర్చు కొత్త కారు రెండు నెలల వాయిదాలకు మించదు. అందుకే వుంచుకోవడానికే నిశ్చయించాను.

అయితే ఒక షరతు. కరకరను ఓర్చుకోవచ్చుగాని, బండి నడుస్తుండగా గేరు దానంతటదే జారిపోతే ప్రమాదం. మరమ్మతు తరువాత అలా ఒక్కసారి జరిగినా, జబ్బు దాచకుండా చెప్పి మరీ అమ్మేస్తానని మా ఆవిడకు మాటిచ్చాను.